వంత ఎవరిది? గద్దర్ శైలిలో వచ్చిన మార్పులు

1

ప్రజాకళాకారుని శైలిని గురించి రాసేటప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. మొదటిది జీవితచరిత్ర దారి. మనిషి ఎప్పుడు ఎక్కడ వున్నాడో, ఏ పార్టీలో చేరి ఏ పార్టీని వదిలాడో చెప్పి, పాటను ఆ చరిత్రకు సాక్ష్యంగా నిలబెడతారు. రెండవది అలంకారశాస్త్రం దారి. పాటలోని ఉపమలూ, మాండలిక పదాలూ, జానపద బాణీలూ ఏరి జాబితా రాసి, ఇదే శైలి అంటారు. మొదటివారి చేతిలో పాట పోతుంది. రెండవవారి చేతిలో పాటను పాటగా నిలబెట్టిన జనం పోతారు. గద్దర్ అన్న పేరుతో ప్రజలెరిగిన గుమ్మడి విఠల్‌రావు విషయంలో ఈ రెండూ జరిగాయి. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయిన తరువాత వచ్చిన రచనల్లో నివాళులు చాలా వున్నాయి, అభియోగాలూ వున్నాయి, కాని విమర్శ తక్కువ.

ఇటీవల మరొక మాట కూడా వినబడుతున్నది: గద్దర్ తెలుగులో మొదటి ర్యాపర్ అని. పెద్దవాళ్ళు ఈ మాట వింటే ముఖం చిట్లిస్తారు. కుర్రవాళ్ళు మాత్రం దీన్ని గొప్ప పొగడ్తగా అంటారు. కొట్టిపారేయదగిన మాట కాదిది, అట్లాగని విన్నది విన్నట్టు ఒప్పుకోదగినదీ కాదు. తాళం మీద మాటను నడపటం, పాట మధ్యలో ఆగి జనంతో మాట్లాడటం, ఆ మాటనే మళ్ళీ పాటలోకి ఎక్కించటం, అధికారాన్ని పేరుపెట్టి తిట్టటం, ఈ లక్షణాలన్నీ ఇద్దరిలోనూ వున్నాయి. పోలిక ఇంతవరకు నిజమే. అయితే ఈ పోలికను చివరిదాకా తీసుకుపోతే ఒకచోట తెగిపోతుంది. తెగిన చోటే గద్దర్ శైలి మర్మం వున్నది. ఆయన శైలిలో యాభై ఏళ్ళపాటు వచ్చిన మార్పులన్నీ ఆ ఒక్కచోట జరిగినవే అని నా వాదన. దాని పేరు వంత.

2

ముందు ర్యాప్ సంగతి చూద్దాం. మన విద్యార్థులు దాన్ని వింటున్నారు గాని దాని పుట్టుక తెలిసినవారు కొద్దిమంది.

న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేట వున్నది. అక్కడి నల్లజాతి కుటుంబాల పిల్లలూ, కరిబియన్ దీవులనుంచీ ప్యూర్టోరికో నుంచీ వలస వచ్చిన కుటుంబాల పిల్లలూ 1973 ప్రాంతంలో తమ వీధుల్లో, పార్కుల్లో తమకు తామే ఆటపాటలు ఏర్పాటు చేసుకున్నారు. గ్రామఫోన్ రికార్డులో గాత్రం ఆగి వాద్యం ఒక్కటే మోగే చిన్న ముక్కను, కూల్ హెర్క్ అనే యువకుడు రెండు యంత్రాల మీద మార్చి మార్చి తిప్పి పొడిగించాడు. ఆ తాళం మీద మైకు పట్టుకున్నవాడు జనాన్ని పేరుపెట్టి పలకరించేవాడు, జనం తిరిగి పలికేవారు. పత్తిచేలలో బానిసలు పాడుకున్న పాటల్లో వున్న పిలుపూ మారుపలుకూ ఇట్లా నగరంలోని వీధిలోకి వచ్చాయి.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాట రికార్డుగా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయిన తరువాత సంగతి మారింది. రికార్డుకు కావలసింది గొంతు, జనం కాదు. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ అనే రికార్డు మురికివాడలోని బతుకును ఉన్నదున్నట్టు చెప్పి లోకాన్ని ఉలిక్కిపడేట్టు చేసింది. దానిమీద కంపెనీ వేసిన పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, అతని అయిదుగురు సహచరుల దళం. కాని ఆ రికార్డులో ఫ్లాష్ పాడింది లేదు, వాయించింది లేదు. ప్రధానంగా రాసి పాడినవారు ఎడ్ ఫ్లెచర్, మెలీ మెల్ అనే ఇద్దరు. సరుకుకు ముద్ర కావాలి గనుక పెద్ద పేరు ముద్ర అయింది. వీధిలో పుట్టిన సామూహిక కళ అంగడికి వచ్చేసరికి ఒక పేరుగా, ఒక గొంతుగా, ఒక ‘నేను’గా కుదించుకుపోవటం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ర్యాప్‌లో అహంకారం ఎక్కువని మనవాళ్ళు ఆక్షేపిస్తారు. ఆ అహంకారం కళాకారుని స్వభావంలోనిది మాత్రమే కాదు, మారుపలుకు తెగిపోయిన కళకు మిగిలేది ‘నేను’ ఒక్కటే గదా!

3

మన సంప్రదాయంలో ఈ మారుపలుకు పేరు వంత. వాడుకలో ‘వంత పాడటం’ అంటే పైవాడు అన్నదానికల్లా తల వూపటం అనే చెడ్డ అర్థం వచ్చింది. కాని కళలో వంత చేసేది దానికి పూర్తిగా విరుద్ధమైన పని. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు వుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. కథకుడు ఎత్తిన పాదాన్ని వాళ్ళు అందుకుంటారన్నది నిజమే, కాని అంతటితో ఆగరు. అనుమానం వస్తే కథను ఆపుతారు, అడుగుతారు, ఎగతాళి చేస్తారు, కథలో రాజుగారు చేసిన పనికీ ఊళ్ళో కరణంగారు చేసిన పనికీ ముడి పెడతారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టటానికీ, షేక్ నాజర్ చేతిలో అది అంత పదునెక్కటానికీ ఇది ఒక ప్రధాన కారణం. ఆ రూపంలోనే ప్రశ్నకు చోటు వున్నది. మన నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని ఆంధ్రమహాసభ ఉద్యమానికి వాడుకున్నప్పుడు కూడా జరిగింది ఇదే. గొల్లసుద్దులు చెప్పేవాడి పక్కన అడిగేవాడు వుంటాడు. అడిగేవాడు లేకపోతే సుద్దులు లేవు.

ఈ వంతకు పునాది ఎక్కడ వున్నది? శ్రమలో వున్నది. నాట్లు వేసేటప్పుడు ఒకామె పాదం ఎత్తితే వరుసలోని పదిమందీ అందుకుంటారు. నడుము వంచిన మనిషికి ఊపిరి తీసుకొనే వ్యవధి కావాలి. ఆ వ్యవధిని మిగతావాళ్ళ గొంతు నింపుతుంది. మోట కొట్టేటప్పుడూ, బరువు లాగేటప్పుడూ జరిగేది ఇదే. పని పంచుకోవటమే పాట పంచుకోవటం అయింది. కాబట్టి వంతను పాటకు చేర్చిన అలంకారంగా చూడటం తప్పు. అది ఒక సామాజిక సంబంధం. ఆ సంబంధం మారితే శైలి మారి తీరుతుంది. గద్దర్ మార్పులను ఈ దృష్టితో చూడాలి.

4

మెదక్ జిల్లా తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టిన విఠల్‌రావు మొదట ప్రభుత్వ పథకాల ప్రచారానికి బుర్రకథ చెప్పాడు. అంటే రూపం చేతికి వచ్చింది, వస్తువు ఇంకా సర్కారుదే. బి. నరసింగరావు ప్రభృతుల ఆర్ట్ లవర్స్ పరిచయంతో ఆయన దారి మళ్ళింది. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ పేరు ఆయన పాటలకూ, తరువాత ఆయనకూ పేరు అయింది. ఆ పేరు ఎంపికలోనే ఒక విశేషమున్నది. అది ఒక మనిషి పేరు కాదు, ఒక సంఘం పేరు.

మొదటి దశ 1972 నుంచి 1985 వరకు. ఈ దశలో పాట ఎదుటి మనిషిని పిలుస్తుంది. రిక్షా తొక్కేవాణ్ణి ఆపి పలకరిస్తుంది, కూలిని లెమ్మంటుంది, జీతగాణ్ణి లెక్క అడగమంటుంది. క్రియలన్నీ ఆజ్ఞార్థకాలు. బాణీలు జనం ఎరిగినవే: తల్లుల జోలపాటలు, నాట్ల పాటలు, ఒగ్గుకథ నడకలు. దీనికి ‘జానపదం మీద ప్రేమ’ అని పేరుపెడితే సగమే చెప్పినట్టు. తెలిసిన బాణీ అయితే జనం రెండవసారి పల్లవి వచ్చేటప్పటికి అందుకోగలరు. కొత్త బాణీ అయితే నోరు తెరిచి వింటారు, అంతే. స్వరాల పరిధి చిన్నది, పాదాలు పొట్టివి, ప్రతి పాదం చివర దళం అందుకొనేందుకు ఖాళీ. పంచె, గొంగడి, చేతికర్ర, కాలిగజ్జె, డప్పు, డోలకు: ఇవి కూడా పల్లెలో ప్రతివాడికీ తెలిసిన వస్తువులే. వేదిక మీదివాడు తమవాడే అని చూడగానే తెలియాలి, తెలిసినప్పుడే గొంతు కలుస్తుంది.

1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తీసిన ‘మాభూమి’ చిత్రంలో, నిజాం మీద బండి యాదగిరి సాయుధ పోరాట కాలంలో కట్టిన పాటను గద్దర్ తెరమీద పాడాడు. మూడు దశాబ్దాల కిందటి పాట, రాసినది మరొకరు. అయినా జనం దాన్ని గద్దర్ పాటగా ఎరుగుతారు. ర్యాప్ రికార్డుల చరిత్రలో ఇట్లాంటిది జరిగితే దోపిడి అంటాం. ఇక్కడ అట్లా అనలేం, కారణమేమంటే ఆ పాట అప్పటికే ఎవరి సొంతమూ కాకుండా పోరాడిన పల్లెలన్నిటి సొంతమైనది. గద్దర్ దాన్ని తిరిగి ఆ పల్లెలకు అందించాడు. అయితే రాసినవాడి పేరు చెప్పటం మన బాధ్యత. సామూహికత పేరుతో అనామకులను అనామకులుగానే వుంచటం అభ్యుదయం కాదు.

ఈ దశకు లోపాలు లేవా? వున్నాయి. దొర ఒక మూస, కూలి ఒక మూస. స్త్రీ ఎక్కువచోట్ల బాధితురాలే, పూనుకొనే మనిషి కాదు. కులం వర్గంలో కలిసిపోయి కనిపించకుండా పోయింది. అన్నిటికన్న ముఖ్యం, వంత అడగటం తగ్గి తీర్మానాన్ని తిరిగి పలకటం ఎక్కువైంది. బుర్రకథలో రాజకీయం చెప్పే వంతకు వున్న స్వేచ్ఛ జననాట్యమండలి దళంలోని గాయకుడికి ఎల్లప్పుడూ వున్నదని చెప్పలేం. నాయకుడు నినాదం ఎత్తితే దళం అందుకుంటుంది; అందులో బలం వున్నది, సంభాషణ లేదు. ఉద్యమానికి అప్పుడు బలమే కావలసి వచ్చిందని సమర్థించవచ్చు. కాని కళావిమర్శ బలాన్ని ఒక్కదాన్నే తూచి ఊరుకోరాదు.

5

1985 జులై 17న కారంచేడులో దళితులమీద జరిగిన మారణకాండ వర్గం అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్ళందరికీ ఎదురుదెబ్బ. జననాట్యమండలి ఆ ఘటనను ఊరూరా పాడింది. అదే కాలంలో నిర్బంధం పెరిగి గద్దర్ అజ్ఞాతంలోకి పోయాడు. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు ఆయన ఎదుట వున్నది పల్లెలోని అరుగుమీద కూర్చున్న రెండువందలమంది కాదు, కనుచూపు మేర జనం. ఆ ఏడాదే వరంగల్లులో జరిగిన రైతుకూలీ సంఘం సభల్లోనూ అంతే.

ఇంత జనం ముందు పాత శైలి పనిచేయదు. అరుగుమీద కూర్చున్న మనిషి ముఖం చూసి పాటను తిప్పవచ్చు, లక్షమంది ముఖాలు చూడలేం. గద్దర్ ఇక్కడ చేసిన పని ఆయన ప్రతిభకు గొప్ప నిదర్శనం. పాటను ముక్కలు చేశాడు. ఒక చరణం పాడి ఆగి, దానిలోని మనిషి కథ మామూలు మాటలతో మొదలుపెట్టి, ఆ మాటలకు క్రమంగా లయ ఎక్కించి, డప్పు అందుకోగానే మళ్ళీ పాటలోకి దూకేవాడు. ఈ మాటలే ర్యాప్‌ను తలపించేవి. అయిదు నిమిషాల పాట అరగంట నడిచేది. మధ్యలో జనాన్ని అడిగేవాడు, జవాబు వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఒక్కొక్క ముఖాన్ని చూడలేనప్పుడు జనం మొత్తాన్ని ఒక వంతగా మలచాడు.

వస్తువు కూడా మారింది. ఆజ్ఞార్థకం తగ్గి శోకం వచ్చింది. ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి శవాలను కుటుంబాలకు అప్పగించాలన్న ఉద్యమంలో ఆయన ముందు నిలిచిన రోజులవి. కొడుకు శవం కోసం పోయిన తల్లి, అన్నకు రాఖీ కట్టలేని చెల్లె, బిడ్డ ముఖం చూడని తండ్రి పాటల్లోకి వచ్చారు. చేతిలోని గుడ్డ ఒక క్షణం జెండా, మరొక క్షణం పొత్తిళ్ళు. మగగొంతుతో తల్లి ఏడుపు ఏడవటం మన వీధిభాగవతాల్లో వున్నదే గాని, విప్లవ గీతంలో ఇంత బలంగా రావటం ఆయనతోనే. ఇక్కడ వంత నినాదాన్ని వదిలి ఓదార్పుగా మారింది. చావు ఇంట్లో ఒకామె రాగం తీస్తే పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అందుకుంటారు గదా, అటువంటి వంత. పోరాటానికి దుఃఖం శత్రువు అనుకొనే యాంత్రిక విమర్శకులు ఈ పాటలను బలహీనమైనవని అన్నారు. నా అభిప్రాయంలో గద్దర్ శైలి శిఖరం ఇదే. మొదటి దశలో మూసగా వున్న మనిషి ఈ దశలో పేరున్న మనిషి అయినాడు, ఆ మనిషి కోసం ఏడ్చే గొంతులు సామూహికంగానే వుండిపోయాయి. వ్యక్తీ సమూహమూ ఒకదాన్నొకటి మింగకుండా నిలిచిన అరుదైన సందర్భమిది.

1995లో దాసరి నారాయణరావు తీసిన ‘ఒరేయ్ రిక్షా’లో అన్నాచెల్లెళ్ళ మమతమీద గద్దర్ రాసిన పాట ఈ దశ నుంచి వచ్చినదే. వందేమాతరం శ్రీనివాస్ గొంతులో అది ప్రతి ఇంటికీ చేరింది. దానికి వచ్చిన నంది బహుమతిని గద్దర్ తీసుకోలేదు. ఈ విషయం గుర్తుంచుకోవాలి, మళ్ళీ అవసరమవుతుంది.

6

1997 ఏప్రిల్ 6న ఆయనమీద కాల్పులు జరిగాయి. శరీరంలో దిగిన తూటాల్లో ఒకటి చివరిదాకా వెన్నులోనే వుండిపోయింది. అప్పటినుంచి శైలిలో మూడవ దశ మొదలైందని అనవచ్చు. అంతకుముందు పాటలోని అమరుడు మరొకడు, ఇప్పుడు పాడేవాడి శరీరమే సాక్ష్యం. ఆయన చొక్కా విప్పి నిలబడితే జనం చూసేది పాటను కాదు, మనిషిని. తెలిసో తెలియకో, ‘నేను’ వేదికమీదికి వచ్చింది. ఇది ఆయన తప్పని అనటం లేదు. చావును తప్పించుకున్న మనిషి శరీరాన్ని జనం ప్రేమించటం సహజం. కాని శైలికి దాని ఫలితం వున్నది: జనం అందుకోవటానికి మారుగా చూడటం మొదలుపెట్టారు.

ఇదే కాలంలో తెలంగాణ ఉద్యమం కొత్తగా లేచింది. పాటలో తల్లి ఇప్పుడు ఒక కొడుకు తల్లి కాదు, తెలంగాణమే తల్లి. నదులూ, గుట్టలూ, చెరువులూ, పంటలూ పేర్లు పేర్లుగా వచ్చి చేరాయి. ప్రాంతపు పేదరికాన్నీ సంపదనూ పక్కపక్కన నిలబెట్టి ప్రశ్న పుట్టించే పద్ధతి వచ్చింది. 2011లో ఎన్. శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’లో గద్దర్ రాసి పాడిన పాట, ఉద్యమంలో పాల్గొన్న ప్రతి విద్యార్థి నోటికీ వచ్చింది. ఇంత విశాలమైన వంత ఆయన కెన్నడూ దొరకలేదు. కూలీ పాడాడు, కూలి ఎగ్గొట్టిన ఆసామీ పాడాడు. మిల్లు హమాలీ పాడాడు, మిల్లు యజమానీ పాడాడు. అందరూ కలిసి పాడగలిగినందుకు సంతోషించాం. కాని అందరూ ఒకే పాట పాడినప్పుడు పాటలో అడిగేవాడెవడు, జవాబు చెప్పవలసినవాడెవడు? హాస్యమూ లేదు, రాజకీయమూ లేదు, ఒక్క కథకుడూ కోటి తలవూపుళ్ళూ. వాడుకలోని ‘వంత పాడటం’ అర్థం నిజమయ్యే ప్రమాదం ఇక్కడే పుట్టింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ వంత ఒక్కరోజులో విడిపోయింది. ఎవరి ఇంటికి వారు పోయారు. పాడేవాడు మైదానంలో మిగిలాడు.

7

చివరి దశను గురించి మన మిత్రుల్లో చాలా కోపం వున్నది. మావోయిస్టు రాజకీయాలకు దూరమయ్యాడనీ, గుళ్ళకు పోయాడనీ, 2018లో మొదటిసారి ఓటు వేశాడనీ, పంచె గొంగడి వదిలి సూటూ టై వేశాడనీ, పార్లమెంటరీ నాయకులను కౌగిలించుకున్నాడనీ, 2023లో తన పేరే పెట్టి గద్దర్ ప్రజాపార్టీ ప్రకటించాడనీ నేరాల పట్టిక చదువుతారు. పట్టికలోని సంగతులు నిజమే. కాని పట్టిక విమర్శ కాదు.

వేషం సంగతే చూడండి. అంబేద్కర్ సూటు వేసుకున్నాడంటే దానికొక సామాజికార్థం వున్నది. దళితుడు జన్మంతా గొంగడిలోనే కనబడాలని కోరటం కూడా ఒక రకం దొరతనమే. రాజ్యాంగాన్ని గురించి పాడటం మొదలుపెట్టటం వెనుక కారంచేడునుంచీ జవాబు దొరకని ప్రశ్న ఒకటి వున్నది. వామపక్షం కులాన్ని చూడవలసినంతగా చూడలేదన్నది ఆ ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ఆయన టైను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

అసలు లోపం మరొకచోట వున్నది. ఈ దశలో ఆయన వెనుక దళం లేదు. ఎదుట ఒక నిర్దిష్టమైన జనం లేదు. ఒకనాడు ఒక పార్టీ వేదిక, మరొకనాడు మరొక సభ, ఇంకొకనాడు టెలివిజన్ స్టూడియో. స్టూడియోలో పాట మధ్య ఆగి ఆయన ప్రశ్న అడిగితే, జవాబు చెప్పవలసినచోట యాంకర్ చప్పట్లు కొట్టేది. ఆయన గొంతులో శక్తి వున్నది, చేతుల్లో ఆ పాత మెలికలన్నీ వున్నాయి. పాదం చివర వంతకోసం వదిలిన ఖాళీ కూడా వున్నది. ఆ ఖాళీలో ఎవరూ లేరు. శైలి అంతా అట్లాగే వుండి దాని ప్రాణం పోవటమంటే ఇది. గదర్ అన్న సంఘం పేరు మనిషి పేరయింది, మనిషి పేరు చివరికి పార్టీ పేరయింది. బ్రాంక్స్ వీధిలోని మారుపలుకు రికార్డుమీద ఒక్క పేరుగా మారిన కథే ఇక్కడ వేరే దారిలో జరిగింది. అక్కడ చేసింది అంగడి. ఇక్కడ చేసింది నిర్బంధం కొంత, సంస్థలు చీలిపోవటం కొంత, ఉద్యమం ఫలితాన్ని పాలకవర్గం ఎత్తుకుపోవటం కొంత.

8

ఇంకొక కారణం వున్నది. అది గద్దర్‌దీ కాదు, ఏ పార్టీదీ కాదు. మా వేములపల్లి ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వున్నది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఇక్కడి మెట్టభూములు వరిపొలాలయ్యాయి, మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. నాట్లూ కోతలూ విస్తరించి, కూలీల గుంపులు పెరిగి, కొన్ని దశాబ్దాలు పొలం నిండా పాటే వుండేది. ఇప్పుడు కోత పని యంత్రం చేస్తుంది. ఎకరం పొలాన్ని చూస్తుండగానే కోసిపోయే ఆ యంత్రంమీద వున్న డ్రైవరు ఒక్కడే. అతను పాడితే అందుకొనేవాడు లేడు. నాట్లకు కూడా అనేకచోట్ల దూర రాష్ట్రాలనుంచి ముఠాలు వస్తున్నాయి. వాళ్ళ పాట ఇక్కడివాళ్ళకు తెలియదు, ఇక్కడి పాట వాళ్ళకు తెలియదు. ఆ ఊరి పిల్లవాడు చదువు పేరుతో హైదరాబాదు పోయి, పోటీపరీక్షల గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. లేదా మోటారుసైకిలుమీద అన్నం పొట్లాలు మోస్తాడు. చెవిలో ర్యాప్ వింటాడు.

అతను ర్యాప్ వినటం సంస్కృతి దిగజారటమని దుఃఖించేవారు కారణాన్ని చూడటంలేదు. ఒంటరి శ్రమకు ఒంటరి గొంతు తోడు. ర్యాప్‌లోని ‘నేను’ అతని పరిస్థితికి సరిపోయింది గనుకనే అతన్ని పట్టుకున్నది. నాట్లు లేనిచోట నాట్ల బాణీ పాడి పిలిస్తే అతను వంత ఎట్లా అందుకుంటాడు? అతనికి ఆ బాణీ అమ్మమ్మ జ్ఞాపకం మాత్రమే. మన సాంస్కృతిక దళాలు గద్దర్ గొంగడినీ, గద్దర్ అడుగులనూ, గద్దర్ కేకనూ అనుకరించి ఇదే గద్దర్ వారసత్వం అనుకుంటున్నాయి. గద్దర్ చేసిన పని అనుకరణ కాదు. తన కాలపు కూలీకి తెలిసిన బాణీ ఏదో కనిపెట్టి, దానిలో వంతకు చోటు తీశాడు. ఈ కాలపు కూలీకి తెలిసిన బాణీ ర్యాప్ అయితే దానిలోనే ఆ చోటు తీయాలి. తమిళనాడులో 2017లో పా. రంజిత్, తెన్మాలు కలిసి పెట్టిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ ఈ పని చేసింది. చెన్నై పేటల్లో చావు ఇళ్ళవద్ద పాడే గానా పాటనూ ర్యాప్‌నూ కలిపి, కులంమీద పాడింది. దానిలోనుంచే వచ్చిన అరివు ఇవాళ దేశమంతా ఎరిగిన ర్యాపర్. పేరులో వున్న ‘కలెక్టివ్’ అన్న మాటే చెబుతున్నది, వాళ్ళకు సమస్య ఎక్కడ వున్నదో తెలుసు.

కాబట్టి ‘మొదటి ర్యాపర్’ అన్న పొగడ్తను ఇప్పుడు సరిచేయవచ్చు. గద్దర్ మంచి దశలో ర్యాపర్ కాడు, ఎందుకంటే ఆయన పాటకు వంత వున్నది. వంత పోయిన తరువాతనే ఆయన రికార్డు యుగపు ర్యాపర్‌కు దగ్గరయ్యాడు. ర్యాప్ కూడా పుట్టినప్పుడు అట్లా లేదు. ఆ రెండిటికీ నిజమైన చుట్టరికం పుట్టుకలో వున్నది, తరువాతి కీర్తిలో లేదు.

కీర్తి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2018లో అమెరికాలో కెండ్రిక్ లామార్ అనే ర్యాపర్‌కు పులిట్జర్ బహుమానం ఇచ్చారు. మన గద్దర్‌ను 2023లో ప్రభుత్వ లాంఛనాలతో అల్వాల్‌లో ఆయన స్థాపించిన పాఠశాల ఆవరణలో ఖననం చేశారు. జీవితంలో ఎక్కువ భాగం ఆయనను వెంటాడినది ప్రభుత్వ యంత్రాంగమే, చివరికి వందనం చేసిందీ అదే. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వం నంది బహుమతుల స్థానంలో గద్దర్ పేరిట చలనచిత్ర బహుమతులు పెట్టి 2025 జూన్‌లో మొదటిసారి పంచింది. నందిని కాదన్న మనిషి పేరే నంది స్థానంలోకి వచ్చింది. దీన్ని గౌరవం అనేవారు వున్నారు, అవమానం అనేవారు వున్నారు. నాకు మాత్రం ఇది శైలికి సంబంధించిన సంగతిగానే తోస్తుంది. వంత నుంచి విడిపోయిన పేరును ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. బహుమతిమీద చెక్కవచ్చు, పార్టీకి పెట్టవచ్చు, సభలో జేజేలు కొట్టవచ్చు. కాని వంతను ఎత్తుకుపోవటం ఏ ప్రభుత్వానికీ చేతకాదు, ఎందుకంటే అది ఒకరి దగ్గర వుండదు.

ఇవాళ మన కాలేజీల్లో ర్యాప్ రాస్తున్న విద్యార్థులను మనం అడగవలసింది, ఎందుకురా ఈ విదేశీ పాట అని కాదు. నీ పాదం చివర ఖాళీ వదిలావా, ఆ ఖాళీలో ఎవరు పలుకుతారు, వాళ్ళు నిన్ను ఆపి ప్రశ్న అడగగలరా? ఈ మూడు ప్రశ్నలు చాలు. గద్దర్ పాటలను తూచటానికీ ఇవే తూకపు రాళ్ళు, రేపు రాబోయే పాటలకూ ఇవే.